చిట్టెం ఎవరి ఖాతాలో?

సంపాదకీయం

ఒమన్ అనగానే మనవాళ్ళకు చమురు, ఎండ, మస్కట్‌లోని రువీ బజారు గుర్తొస్తాయి. కానీ ఉత్తరాన సోహార్ నుంచి బురైమీ వైపు వాదీ జిజ్జీ లోయలోకి దారి తీస్తే, ఆ కొండల మధ్య మరో ఒమన్ కనిపిస్తుంది. లసైల్, అర్జా పరిసరాల్లో నల్లటి గుట్టలు. దూరానికి కాలిన బండల్లా ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే గాజుపెంకుల్లా మెరుస్తాయి. వెయ్యేళ్ళ కిందట అక్కడ రాగి కరిగించినవాళ్ళు పనికిరాదని పారబోసిన స్లాగ్ అది. మన కమ్మరి కొలిమి దగ్గర దీన్నే చిట్టెం అంటారు.

చిట్టెం గురించి రాజకీయ వేదికలో సంపాదకీయమా అని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. అయినా రాయక తప్పదు. ఎందుకంటే రాబోయే ఇరవై ఏళ్ళలో లోహాల కోసం జరిగే పోటీలో సగం యుద్ధం కొత్త గనుల దగ్గర జరిగితే, మిగతా సగం పాత గుట్టల దగ్గర జరుగుతుంది. తక్కువ రకం ఖనిజం, గనుల మడ్డి, కొలిమి చిట్టెం - వీటిలో మిగిలిన లోహాన్ని ఎవరు తీస్తారు, ఎవరి అనుమతితో తీస్తారు, లాభం ఎవరికి, విషం ఎవరికి? ఒక తరం పారేసిన గుట్ట వచ్చే తరానికి ఆస్తి కావచ్చు, అప్పూ కావచ్చు. ఏదవుతుందో తేల్చేది లెక్క రాసే ప్రభుత్వం, ఆ లెక్క అడిగే జనం.

రాగి ఉంది, తగరం లేదు

సుమేరియన్ల మట్టిపలకల మీద కనిపించే మగన్ అనే దేశం నేటి ఒమన్, దాని పక్కనున్న ఎమిరేట్ల ప్రాంతమేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు. క్రీ.పూ. 2300 ప్రాంతంలో అక్కాడ్ రాజు సర్గోన్ తన రేవులో దిల్మున్, మగన్, మెలూహా ఓడలు ఆగుతాయని గొప్పగా చెప్పుకున్నాడు. మెలూహా అంటే మన సింధు నాగరికత ప్రాంతం. ఒమన్ తూర్పు కొసన రాస్ అల్ జింజ్ దగ్గర తవ్వకాల్లో హరప్పా ముద్ర, కుండలు దొరికాయి. అంటే గల్ఫ్‌కు మన రాకపోకలు 1970ల చమురు కాలంలో మొదలైనవి కావు.

మగన్ బలం రాగి. దాని లోటు తగరం. రాగిలో సుమారు పదోవంతు తగరం కలిస్తేనే గట్టి కంచు అవుతుంది. ఒమన్ కొండల్లో రాగికి కొదవ లేదు, తగరం మాత్రం లేదు. అది మధ్య ఆసియా, ఆఫ్ఘనిస్తాన్ వైపు నుంచి చేతులు మారుతూ వచ్చి ఉంటుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. నాలుగు వేల ఏళ్ళ కిందటే ఒక లోహం ఉన్న దేశం రెండో లోహం కోసం ఇతరుల మీద ఆధారపడింది. ఈనాడు 'క్రిటికల్ మినరల్స్' అని ఢిల్లీలో, వాషింగ్టన్‌లో వినిపిస్తున్న మాట వెనక ఉన్నది ఆ పాత ఇబ్బందే.

ఒమన్‌లో రాగి కరిగించడం క్రీ.శ. 9, 10 శతాబ్దాల్లో పతాక స్థాయికి చేరింది. నేడు కనిపించే చిట్టెంలో పెద్ద భాగం ఆ కాలానిదే. అది లక్షల టన్నుల్లో ఉంటుందని జర్మన్ పురావస్తు శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. 1970ల్లో ఒక కెనడా కంపెనీ సోహార్ కొండల్లో రాగి వెతికినప్పుడు దానికి దారి చూపింది ఈ గుట్టలే. పాతవాళ్ళు చిట్టెం పోసిన చోట కింద ఖనిజం ఉండే తీరుతుందన్న నమ్మకం వమ్ము కాలేదు. ప్రభుత్వ రంగంలో ఒమన్ మైనింగ్ కంపెనీ ఏర్పడి, 1983లో లసైల్ గని, పక్కనే స్మెల్టర్ పనిలోకి వచ్చాయి. 1994లో గని మూతపడింది. స్మెల్టర్ ఆ తర్వాత కొన్నేళ్ళు దిగుమతి ఖనిజంతో నడిచింది.

ఆ పదకొండేళ్ళలో ఏం మిగిలింది? ఎడారిలో మంచినీళ్ళు దొరకవు కాబట్టి ఖనిజాన్ని శుద్ధి చేయడానికి సముద్రపు నీళ్ళు వాడారు. రాగి తీసేశాక మిగిలిన గంధకపు మడ్డిని ఆ ఉప్పునీళ్ళతో సహా వాదీ సూఖ్ లోయలో కట్టిన ఆనకట్ట వెనక పోశారు. మడ్డి కోటి టన్నులు దాటింది. ఉప్పు నెమ్మదిగా భూమిలోకి దిగి, లోయ దిగువన భూగర్భ జలాన్ని పాడుచేసింది. తోటలకూ బావులకూ ఆ నీరే ఆధారం. గని ఆదాయం పదకొండేళ్ళు వస్తే, నీటి సమస్య గని మూసిన తర్వాత కూడా దశాబ్దాల పాటు మిగిలింది.

ఇప్పుడు ఒమన్ మళ్ళీ అదే చోటికి తిరిగొచ్చింది. 2019లో కొత్త ఖనిజ సంపద చట్టం తెచ్చుకుంది. చమురు మీద ఆధారం తగ్గించుకోవాలన్న విజన్ 2040 లక్ష్యాల్లో గనుల రంగాన్ని చేర్చింది. ప్రభుత్వ సంస్థ మినరల్స్ డెవలప్‌మెంట్ ఒమన్ ఆధ్వర్యంలో 2024లో లసైల్ నుంచి, సుమారు ముప్పై ఏళ్ళ తర్వాత, మళ్ళీ రాగి ఖనిజం బయటికొచ్చింది. పాత గనుల వ్యర్థాల నుంచి రాగి తీసే పని కూడా సోహార్ ప్రాంతంలో మొదలైంది. వెయ్యేళ్ళ కిందటి చిట్టెం గనిని చూపించింది, నలభై ఏళ్ళ కిందటి మడ్డి ఇప్పుడు తానే ముడిసరుకైంది. అదే మడ్డి నీటినీ చెరిచింది. ఒకే గుట్టలో ఆస్తీ అప్పూ కలిసి ఉండడమంటే ఇదే.

తగరం చిట్టెంలో ఎందుకు మిగులుతుంది

రాగి కథ ఒమన్‌ది. మన దేశానికి ఇంకా గట్టిగా తగిలే కథ తగరానిది. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించుకున్నది తగరంతోనే. కళాయి వేసేవాళ్ళు ఊళ్ళలో కనుమరుగయ్యారు గానీ తగరం మన జేబులోకి వచ్చి కూర్చుంది. సెల్‌ఫోను, లాప్‌టాప్, టీవీ, కారు - దేన్ని విప్పినా సర్క్యూట్ బోర్డు మీద చిప్పును అతికించే టంకం తగరమే. ప్రపంచంలో వాడే తగరంలో దాదాపు సగం ఈ సోల్డర్‌కే పోతుంది. గనుల నుంచి ఏటా వచ్చేది మొత్తం మీద 3 లక్షల టన్నుల ప్రాంతం. రాగి రెండు కోట్ల టన్నులకు పైగా వస్తుందంటే తగరం ఎంత చిన్న సరుకో, ఎంత త్వరగా కొరత పడగలదో అర్థమవుతుంది.

తగరపు ప్రధాన ఖనిజం కాసిటరైట్. మామూలు రాతికంటే రెండున్నర రెట్లు బరువు. అందుకే దాన్ని నీటిలో జల్లించి, ఊపుడు బల్లల మీద వేరుచేస్తారు. మన కంసాలి వీధుల్లో దుమ్ము కడిగి బంగారు రజను తీసే పనికి ఇది పెద్దన్న. చిక్కేమిటంటే, రాతిలో తగరం వందకు ఒకటి లేదా అంతకంటే తక్కువే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే రాయిని మెత్తగా నూరాలి. మెత్తగా నూరితే కాసిటరైట్ కూడా పిండై, నీటితో పాటు మడ్డిలోకి కొట్టుకుపోతుంది. పాత గనుల మడ్డి చెరువుల్లో తగరం మిగిలిపోవడానికి కారణం ఇదే. పెరూలోని శాన్ రఫేల్ గనిలో దశాబ్దాల కిందట పారబోసిన మడ్డిలో దాదాపు వందకు ఒకటి చొప్పున తగరం ఉన్నట్టు తేలింది. చాలా గనుల్లో కొత్త రాతిలో కూడా అంత ఉండదు. దాన్ని తిరిగి శుద్ధి చేసే ప్లాంటును 2019 చివర్లో అక్కడ ప్రారంభించారు.

కొలిమి దగ్గర చిక్కు వేరు. కాసిటరైట్‌ను బొగ్గుతో కలిపి కరిగిస్తే తగరం వస్తుంది. కానీ ఖనిజంలో ఇనుము కూడా ఉంటుంది. బొగ్గు ఎక్కువ వేసి కొలిమిని గట్టిగా నడిపితే ఇనుము కూడా తగరంలోకి దిగి సరుకును చెడగొడుతుంది. మెత్తగా నడిపితే ఇనుము చిట్టెంలో ఆగిపోతుంది గానీ, దానితో పాటు తగరం కూడా ఆగిపోతుంది. మొదటి కొలిమి చిట్టెంలో వందకు పది పాళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తగరం ఉండేది అందుకే. ఖనిజంలోనే వందకు ఒకటి దొరకని లోహం చిట్టెంలో వందకు పది ఉందంటే, దాన్ని పారేసేవాడు పిచ్చివాడే.

అందుకే రెండో కొలిమి. ఆ చిట్టెంలో గంధకం ఉన్న పైరైట్ రాయి వేసి బాగా వేడిచేస్తే తగరం గంధకంతో కలిసి ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పైన గాలి తగిలి మళ్ళీ తెల్లటి తగరపు ధూళిగా మారుతుంది. సంచుల ఫిల్టర్లలో దాన్ని పట్టుకుని మొదటి కొలిమికి పంపుతారు. దీన్ని ఫ్యూమింగ్ అంటారు. ఇలా చేస్తే చిట్టెంలో మిగిలే తగరం వందకు ఒకటి లోపుకు దిగుతుంది. తక్కువ రకం ఖనిజాన్ని కూడా నేరుగా ఈ పద్ధతిలో వాడుకోవచ్చు. ఖర్చు మాత్రం ఇంధనం రూపంలో, గంధకపు పొగను కడగడం రూపంలో తప్పదు. ఖనిజంలో సీసం, ఆర్సెనిక్ ఉంటే అవి కూడా ఆ ధూళిలోకే వస్తాయి. ఆ పొగ కడిగే యంత్రాన్ని ఆపేస్తే కంపెనీకి డబ్బు మిగులుతుంది, ఊరికి దగ్గు మిగులుతుంది.

లాభం బయటికి, విషం ఊరికి

చిట్టెంలో తగరం ఒక్కటే ఉండదు. ఆగ్నేయాసియా తగరపు చిట్టెంలో టాంటలం అనే అరుదైన లోహం ఉంటుంది. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవిలో ఆ సంగతి తెలియని రోజుల్లో చిట్టెంతో రోడ్లు పోశారు. 1970ల చివర్లో టాంటలం ధర ఆకాశానికి ఎగబాకేసరికి జనం రోడ్లు, ఇంటి పునాదులు తవ్వి చిట్టెం అమ్ముకున్నారు. ఆ తర్వాత టాంటలం శుద్ధి ప్లాంటు కట్టారు. దాని వల్ల గాలికీ, దీవి బతుకుతెరువుకూ ఏమవుతుందని జనం అడిగారు. తృప్తికరమైన జవాబు రాలేదు. 1986 జూన్‌లో ఆగ్రహించిన గుంపు ప్రారంభం కావలసిన ఆ ప్లాంటును తగలబెట్టింది. ఆ హింసను ఎవరూ సమర్థించరు. కానీ లెక్క చెప్పని ప్రభుత్వం ఎక్కడికి దారి తీస్తుందో అది చూపింది.

రెండో ఉదాహరణ మలేసియాది, పెరాక్ రాష్ట్రానిది. ఉత్తరాంధ్ర నుంచి తోటల కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళ వారసులు తరాలుగా స్థిరపడిన రాష్ట్రం అది. అక్కడ తగరం తీశాక మిగిలిన ఇసుకలో మోనజైట్ ఉంటుంది. దాన్నుంచి అరుదైన మృత్తికలు తీయడానికి ఈపో దగ్గర బుకిత్ మేరా ఊళ్ళో 1982లో ఏషియన్ రేర్ ఎర్త్ అనే కంపెనీ పని మొదలుపెట్టింది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అంటే మిగిలే వ్యర్థం రేడియోధార్మికం. ఊరివాళ్ళు 1985లో కోర్టుకెళ్ళారు. 1992లో ఈపో హైకోర్టు ఫ్యాక్టరీ మూయమంది. మరుసటి ఏడాది పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అయినా జనం ఒత్తిడికి కంపెనీ 1994లో తనే మూసేసింది. ఆ స్థలాన్ని శుభ్రపరచడం ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు సాగింది. వ్యర్థం నుంచి సంపద అన్నది మంచి నినాదమే. వ్యర్థంలోంచి సంపద తీశాక మిగిలే వ్యర్థం సంగతేమిటని బుకిత్ మేరా అడిగింది. ప్రతి ఊరూ అడగాల్సిన ప్రశ్న అదే.

మన వాకిట్లో సంగతి

ఇక మన దేశానికి వద్దాం. భారతదేశం తనకు కావలసిన తగరంలో దాదాపు అంతా దిగుమతి చేసుకుంటుంది. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో తగరం ఉంది. 2025 జనవరిలో రూ. 16,300 కోట్ల కేటాయింపుతో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు కేబినెట్ ఆమోదం తెలిపింది. గనుల మడ్డి, బూడిద, చిట్టెం నుంచి లోహాలు తీయడం కూడా ఆ మిషన్ చెప్పిన పనుల్లో ఒకటి. కాగితం మీద అంతా బాగుంది.

దేశంలో తగరం దొరికేది ఎక్కడ? ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, సుక్మా జిల్లాల్లో, దాన్ని ఆనుకుని ఒడిశాలోని మల్కనగిరిలో. భద్రాచలం, చింతూరు దాటితే కోంటా వస్తుంది, అదే సుక్మా జిల్లా. ఆ సంతల్లో తెలుగు వినిపిస్తుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇండోనేషియా వైపు చూస్తున్న మనకు తగరం మన పొరుగునే ఉంది. పరిమాణం తక్కువే. కానీ దాన్ని తీసేది పెద్ద యంత్రాలు కావు. వాగుల ఒడ్డున మట్టి తవ్వి, కడిగి, నల్లటి గింజలు ఏరేది ఆదివాసీ కుటుంబాలు. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ వాళ్ళ దగ్గర కొనాలి. కొనుగోలు కేంద్రం దూరమైనా, డబ్బు ఆలస్యమైనా, ఆ గింజలు దళారి సంచిలోకి పోతాయి. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో తగరం ధర పెరిగిన రోజున సుక్మాలో గంప మోసిన తల్లికి ఎంత ముట్టింది? ఆ లెక్క ఏ వెబ్‌సైటులోనైనా సులువుగా కనిపించాలి.

పైగా బస్తర్ తగరపు ఖనిజంలో నయోబియం, టాంటలం కలిసి ఉంటాయి. కరిగించేటప్పుడు అవి చిట్టెంలోకి చేరతాయి. ఫుకెట్ రోడ్ల కథ మన దగ్గర జరగకుండా ఉండాలంటే ఆ చిట్టెం ఎక్కడుందో, ఎంతుందో, ఎవరిదో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. ఆ పని చేయగల సంస్థలు ఎక్కడో లేవు, హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అణు ఖనిజాల డైరెక్టరేట్, న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, డీఎంఆర్ఎల్, ఎన్ఎఫ్‌టీడీసీ, ఉప్పల్‌లో ఎన్ఎండీసీ పరిశోధన కేంద్రం. అణు రియాక్టర్ల కోసం న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ తయారుచేసే జిర్కలాయ్ గొట్టాల్లో కూడా వందకు ఒకటిన్నర వంతు తగరమే. ఇన్ని సంస్థలున్న నగరానికి మూడు, నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో తగరం గంపల లెక్కన అమ్ముడవుతోంది!

తెలుగు నేల మీద తగరం గనులు లేకపోవచ్చు, తక్కువ రకం ఖనిజం పాఠం మాత్రం మనకు బాగా తెలుసు. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి తీసుకోండి. గల్ఫ్‌కు మన జనం ఎక్కడినుంచి వెళతారో అక్కడినుంచే ఈ రాయి కూడా వెళుతుంది. చమురు బావులు తవ్వే బురదకు బరువునిచ్చేది ఇదే. ఒకప్పుడు సాంద్రత 4.2 ఉంటేనే పనికొచ్చేది. మంచి రాయి తరిగిపోతుంటే, 2010లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 4.1 రకాన్ని కూడా ప్రమాణాల్లో చేర్చింది. నూటికి రెండు పాళ్ళ సడలింపుతో, పక్కన పడేసిన తక్కువ రకం గుట్టలకు విలువ వచ్చింది. గుట్ట కదలలేదు, మారలేదు. ఎక్కడో ఒక కాగితం మీద ఒక అంకె మారింది, అంతే. అలాంటి అంకె ఎప్పుడు మారుతుందో ముందు తెలిసేది వ్యాపారికి, చివర తెలిసేది ఊరికి.

లెక్క లేని చోట ఏమవుతుందో 2000ల దశకంలో ఇనుప ఖనిజం నేర్పింది. ఒకప్పుడు పొడి ఖనిజాన్ని పక్కన పోసేవారు. చైనా కొనడం మొదలుపెట్టాక ఆ పొడే బంగారమైంది. ఓబుళాపురం కొండల్లో సరిహద్దు రాళ్ళకేమైందో, ఆ కేసులు ఎన్నేళ్ళు నడిచాయో మనందరికీ తెలుసు.

మూడో గుట్ట మరీ దగ్గరిది, మన టేబుల్ సొరుగులోనే ఉంది. పాత ఫోన్లు, బోర్డులు, వాటి తగరపు టంకం. శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్లు తయారవుతున్నాయి. సోల్డర్ కరిగించే ప్రతి ఫ్యాక్టరీలోనూ పైన తేలే తెట్టు, అంటే డ్రాస్, దాదాపు తగరమే. ఇది ఈ కాలపు చిట్టెం. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కింద ఉత్పత్తిదారుల బాధ్యతకు లెక్కపెట్టడానికి ఎంచుకున్నవి బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం అనే నాలుగు లోహాలు. కీలక ఖనిజమని 2023లో పేరుపెట్టిన తగరం ఆ నాలుగింటిలో లేదు. కుడిచేయి కీలకమన్నదాన్ని ఎడమచేయి లెక్కలోకే తీసుకోలేదు.

ధర జ్వరం సంగతి

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. తక్కువ రకం ఖనిజంలో లాభం ఉంటే ప్రైవేటువాళ్ళు ఎప్పుడో తీసేవారు కదా, ప్రభుత్వానికి ఈ తలనొప్పి ఎందుకు?

జవాబు తగరం చరిత్రలోనే ఉంది. తగరం ధరను దశాబ్దాల పాటు నిలబెట్టిన అంతర్జాతీయ తగర మండలి 1985 అక్టోబరులో డబ్బు లేక చేతులెత్తేసింది. లండన్ మార్కెట్‌లో తగరం వ్యాపారం ఆగిపోయింది, ధర సగానికి పడింది. మలేసియాలో, బొలీవియాలో వేలమంది గని కార్మికులు రోడ్డున పడ్డారు. మొన్నటికి మొన్న 2022 మార్చిలో టన్ను 50 వేల డాలర్ల దరిదాపులకు ఎక్కి, అదే ఏడాది నవంబరుకు 20 వేల లోపుకు జారింది. తక్కువ రకం ఖనిజం బతికేది ధర ఎక్కువున్నప్పుడు మాత్రమే. ధర పడగానే కంపెనీ తాళం వేసి వెళ్ళిపోతుంది, సగం కెలికిన గుట్ట ఊరికి మిగులుతుంది. కెలికిన గుట్టలోంచి వానకు విషం ఇంకా తేలిగ్గా కారుతుంది.

కాబట్టి మేం ప్రభుత్వమే కొలిమి నడపాలని అనడం లేదు. నడిపేవాడు ఎవరైనా సరే, గుట్ట శుభ్రం చేయడానికయ్యే డబ్బును ముందే డిపాజిట్ చేసి మొదలుపెట్టాలి. చెత్తను శుభ్రం చేస్తున్నామన్న పేరుతో మంచి ఖనిజాన్ని తక్కువ రకంగా రాసి తరలించుకుపోయే అవకాశం ఉండకూడదు.

అడగాల్సినవి

ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు జిల్లావారీగా గనుల డంపులు, మడ్డి చెరువులు, స్మెల్టర్ల చిట్టెం గుట్టల జాబితా ప్రకటించాలి. 2012లో మూతపడ్డ విశాఖ జింక్ స్మెల్టర్ వ్యర్థాలతో సహా. ఎంత ఉంది, అందులో ఏముంది, ఎవరి ఖాతాలో ఉంది - ఈ మూడు గళ్ళు నింపితే చాలు.

రెండు. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి కొత్త గనుల నుంచి వాటా వస్తుంది. పాత గుట్టల నుంచి, చిట్టెం నుంచి తీసే లోహం మీద కూడా అదే వాటా, అంతే స్పష్టంగా ఆ ఊళ్ళకు రావాలి. దుమ్ము తిన్నది వాళ్ళే కదా!

మూడు. ఏజెన్సీలో ఆదివాసీల భూమి ప్రైవేటు గనులకు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు చెప్పింది. గుట్టను శుద్ధి చేయడం గని తవ్వడం కాదన్న సాకుతో ఆ తీర్పు చుట్టూ దొడ్డిదారి వేయకూడదు. బస్తర్ సరిహద్దులో తగరం ఏరేవాళ్ళకు మార్కెట్ ధరతో ముడిపెట్టిన ధర, సంతలోనే చేతికి డబ్బు రావాలి.

నాలుగు. ఈ-వ్యర్థాల లెక్కలో తగరాన్ని చేర్చాలి.

మరి ప్రవాసంలో ఉన్న మనం చేయగలిగింది ఏమిటి? సోహార్ రేవు, ఫ్రీజోన్‌లలో ఇంజనీరు నుంచి హెల్పర్ దాకా మనవాళ్ళున్నారు. పెర్త్‌లో, జోహానెస్‌బర్గ్‌లో, టొరంటోలో గనుల కంపెనీల్లో మనవాళ్ళున్నారు. మడ్డి చెరువు ఎలా కారుతుందో, బ్యాంకు గ్యారంటీ ఎలా రాస్తారో, శాంపిల్ ఎలా తీస్తారో తెలిసినవాళ్ళు. మీకు తెలిసింది మీ జిల్లాకు పనికొచ్చేలా రెండు పేజీల్లో తెలుగులో రాయండి. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు ఏ దేశంలో ఉన్నా 2005 సమాచార హక్కు చట్టం కింద కేంద్ర గనుల శాఖను ఆన్‌లైన్‌లోనే అడగవచ్చు. పౌరసత్వం మారినవాళ్ళు ఊళ్ళో ఉన్న బంధువు చేత అడిగించవచ్చు. మన సభలకు ముఖ్య అతిథులుగా వచ్చే మంత్రులకు శాలువా కప్పేటప్పుడు, చేతిలో పై నాలుగు అంశాల కాగితం కూడా పెట్టండి.

ఒమన్‌కు పాత గుట్ట విలువ తెలియడానికి వెయ్యేళ్ళు, దాని నీటి ఖరీదు తెలియడానికి ఒక తరం పట్టింది. ఆ రెండూ చూసిన తర్వాత కూడా మన గుట్టల లెక్క మనం అడగకపోతే, ఆ లెక్క ఇంకెవరో రాసుకుంటారు. అప్పుడు ఆస్తి వాళ్ళ ఖాతాలో, అప్పు మన ఖాతాలో.